తాచుపిల్లను ఇంట్లో పెట్టుకున్నాను, భద్రంగా పెంచడం ఎలా?

పొలంగట్టు · ఆగస్టు 9, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది దివిసీమ. బీఎస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. ఇది చదివి కోప్పడేవాళ్లు ఉంటారని తెలుసు. అయినా తెలిసినవాళ్లు ఎవరైనా దారి చెబుతారని రాస్తున్నాను.

నాలుగు రోజుల కిందట మా చేలో గట్టు సరిచేస్తుంటే ఎలుక కలుగులోంచి మూడు తాచుపిల్లలు బయటికొచ్చాయి. ఒక్కొక్కటి జానెడున్నర ఉంటుంది. నాన్న పారతో రెండింటిని అక్కడే చంపేశారు. మూడోది గడ్డిలోకి జారుకుంది. నాన్న అన్నానికి వెళ్లాక దాన్ని వెతికి, పుల్లతో నీళ్ల బాటిల్లోకి ఎక్కించి ఇంటికి తెచ్చాను. దాన్ని వదిలేస్తే సాయంత్రానికి ఎవరో ఒకరు చంపేస్తారు. మా చేల మీద రోజూ ఇరవై మంది కూలీలు ఉంటారు.

ఇప్పుడది రొయ్యలు పంపే థర్మాకోల్ పెట్టెలో ఉంది. మూతకు టేపు వేశాను, గాలికి చిల్లులు పెట్టాను. పెట్టె నా మంచం కింద ఉంది. అమ్మానాన్నలకు తెలియదు. చెల్లి కూడా అదే గదిలో కింద చాప మీద పడుకుంటుంది. దానికి పన్నెండేళ్లు.

పడగ విప్పితే రూపాయి బిళ్లంత ఉంటుంది. అంత చిన్నదాని మీద కళ్లజోడు గుర్తు ఎంత స్పష్టంగా ఉందో! గంటలు గంటలు చూస్తూ కూర్చుంటున్నాను. రెండు చేపపిల్లలు వేశాను, ముట్టలేదు. ఎలాంటి పెట్టె కావాలి, ఏం పెట్టాలి, చెయ్యి తగలకుండా శుభ్రం చేయడం ఎలా? విదేశాల్లో విషసర్పాలను ఇళ్లలో పెంచేవాళ్ల వీడియోలు చూశాను. జాగ్రత్తగా ఉంటే మనకు కుదరదా?

---

హుక్కు_సంచి · ఆగస్టు 9, రాత్రి 9:26

తమ్ముడూ, హైదరాబాద్‌లో పన్నెండేళ్లుగా పాముల రెస్క్యూ చేస్తున్నాను. నిన్ను తిట్టను. మూడింటిలో ఒకదాన్నైనా బతికించాలని చూశావు, ఆ మనసు నాకు అర్థమైంది. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం. ముందు రెండు పనులు చెయ్.

ఒకటి, చెల్లిని ఈ రాత్రికి ఆ గదిలో పడుకోనివ్వకు. ఏ సాకైనా చెప్పు.

రెండు, పెట్టెకు పెట్టిన చిల్లులు ఎంత పెద్దవి? బాల్‌పెన్ను దూరుతుందా? దూరితే ఆ పిల్ల కూడా దూరుతుంది. పాము తల పట్టిందంటే ఒళ్లంతా పట్టినట్టే. థర్మాకోల్ మీద టేపు ఉక్కకు రెండు రోజుల్లో ఊడిపోతుంది. మూత తెరిచి చూడకు. పెట్టెను ఉన్నది ఉన్నట్టు ఒక పెద్ద మూత డబ్బాలోనో, బియ్యం డ్రమ్ములోనో దించి, పైన మందపాటి బట్ట పరిచి తాడుతో బిగించి కట్టు. గాలి గురించి భయపడకు, ఒక్క రాత్రికి ఏమీ కాదు.

చేసి ఇక్కడ రాయి. ఎదురుచూస్తుంటాను.

---

పొలంగట్టు · ఆగస్టు 9, రాత్రి 9:58

అన్నా, పెన్ను దూరుతోంది. నేను ఆ సంగతి ఆలోచించనే లేదు. పెట్టెను ధాన్యం కొలిచే ప్లాస్టిక్ డ్రమ్ములో దించి, పాత దుప్పటి వేసి నైలాన్ తాడుతో కట్టాను. టార్చి వేసి చిల్లులోంచి చూశాను, లోపలే చుట్ట చుట్టుకుని ఉంది. డ్రమ్మును వసారాలో పెట్టాను. ఫ్యాన్ శబ్దం చేస్తోందని చెప్పి చెల్లిని అమ్మ దగ్గరికి పంపాను.

కానీ ఒక మాట అన్నా. ఇది పుట్టి పది రోజులు కూడా అయి ఉండదు. దీనికి అంత విషం ఉంటుందా?

---

హుక్కు_సంచి · ఆగస్టు 9, రాత్రి 10:15

గుడ్డు చీల్చుకుని బయటికొచ్చిన క్షణం నుంచే ఉంటుంది. కోరలు, విషగ్రంథి, పడగ అన్నీ సిద్ధంగానే వస్తాయి. పిల్లపాముకు విషం ఎంత వదలాలో తెలియదు కాబట్టి పెద్దదానికంటే ప్రమాదం అని కొందరంటారు, అది నిజం కాదు. పెద్దపాము దగ్గర విషం ఎక్కువే ఉంటుంది. కానీ పిల్ల దగ్గర ఉన్నది తక్కువ అనుకుని చెయ్యి పెట్టడం కూడా అంతే తప్పు. మీ చెల్లి బరువెంత?

మేం ఒక తాచును ఒక్క రాత్రి ఉంచుకోవాల్సి వస్తే ఎలా ఉంచుతామో చెబుతాను, నీకే తెలుస్తుంది. గదిలో ఒక్క కన్నం ఉండకూడదు. తలుపు కింద సందు, డ్రైనేజీ జాలీ, కిటికీ మెష్ అన్నీ చూసుకుంటాం. డబ్బాకు తాళం, డబ్బా మీద పాము పేరు, పట్టిన చోటు, సమయం రాసిన చీటీ. ఒంటరిగా ఎవరూ ఆ డబ్బా తెరవకూడదు, పక్కన రెండో మనిషి ఉండాల్సిందే. చేతికీ పాముకీ మధ్య ఎప్పుడూ హుక్కు కర్ర. తల పట్టుకుని చూడాల్సి వస్తే పారదర్శకమైన గొట్టంలోకి ఎక్కిస్తాం. బండిలో పెట్రోలు ఉందా, ఆసుపత్రిలో మందు ఉందా అని ముందే కనుక్కుంటాం. ఇదంతా ఒక్క రాత్రికి. తాచు కుదురుగా బతికితే ఇరవై ఏళ్లు దాటుతుంది. అన్నేళ్లలో ఒక్కరోజు నీకు జ్వరమొస్తుంది, ఒక్కరోజు తాళం మరిచిపోతావు.

అలవాటుపడ్డ చేతులకు కూడా గ్యారంటీ లేదు. కేరళలో వావా సురేష్ పట్టిన పాములు వేలల్లో ఉంటాయి. 2022 జనవరిలో తాచును సంచిలోకి దించుతుండగా తొడ మీద కాటు పడింది. వెంటిలేటర్ మీద పెట్టి, 65 సీసాల మందు ఎక్కించి బతికించుకున్నారు.

తిండి సంగతి. చిన్న తాచులు కప్పపిల్లలు, చిన్న బల్లులు తింటాయి. డబ్బాలో పెట్టాక చాలావాటికి ఆకలి చచ్చిపోతుంది. బలవంతంగా నోట్లో పెడితే దవడ దెబ్బతింటుంది. నువ్వు దాన్ని కాపాడాననుకుంటున్నావు, అది ఆ పెట్టెలో నెమ్మదిగా మాడిపోతోంది. ఇది నీకు కష్టంగా ఉంటుందని తెలిసే చెబుతున్నాను.

---

రాత్రిడ్యూటీ_డాక్టర్ · ఆగస్టు 9, రాత్రి 11:40

కోస్తాలో ఒక మండలంలో ప్రభుత్వ వైద్యుడిని. బాబూ, మీ ఊరికి దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరం?

ఈలోగా తాచు కాటేస్తే ఏం జరుగుతుందో చెబుతాను. దాని విషం నరాల నుంచి కండరాలకు వెళ్లే సందేశాన్ని ఆపేస్తుంది. మొదట కనురెప్పలు వాలతాయి. మనిషి నిద్రమత్తులో ఉన్నాడని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. తర్వాత మాట ముద్దవుతుంది, ఉమ్మి మింగలేడు, మెడ నిలవదు. ఆ తర్వాత ఊపిరి. కాటుపడిన చోట వాపు, కండ కుళ్లడం అదనం. కొందరికి అరగంటలోనే మొదలవుతుంది.

మన దేశంలో దొరికే విరుగుడు మందు నాలుగు పాములకు పనిచేస్తుంది: తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. మామూలుగా పది సీసాలతో మొదలుపెడతాం. పిల్లలకు కూడా అదే మోతాదు, ఎందుకంటే పాము మనిషి వయసు చూసి విషం తగ్గించదు. అదే విషం పన్నెండేళ్ల పిల్ల ఒంట్లో ఇంకా త్వరగా పనిచేస్తుంది. ఆ మందు గుర్రాల రక్తం నుంచి తీసేది కాబట్టి కొందరి ఒంటికి పడదు. దద్దుర్లు, బీపీ పడిపోవడం, ఊపిరాడకపోవడం ఉంటాయి. అందుకే అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా పెట్టుకునే మొదలుపెడతాం. ఇంట్లో ఒక సీసా దాచుకుంటే చాలదా అని వీడియోలు చూసినవాళ్లు అడుగుతుంటారు, అందుకే చెబుతున్నాను. చాలదు.

రెండేళ్ల కిందట వానాకాలంలో రాత్రి రెండింటికి తొమ్మిదేళ్ల బాబును తీసుకొచ్చారు. మంత్రం వేయించడానికి వెళ్లి ముప్పావు గంట పోగొట్టుకున్నారు. మందు మొదలుపెట్టేసరికే ఊపిరి తగ్గిపోతోంది. మా దగ్గర వెంటిలేటర్ లేదు. 108లో పెద్దాసుపత్రికి వెళ్లేవరకూ గంటా పది నిమిషాలు నేనూ నర్సమ్మా మార్చి మార్చి ఊపిరి అందించే అంబు బ్యాగ్‌ను చేత్తో నొక్కాం. బాబు బతికాడు. మర్నాడు చెంచా కూడా పట్టలేకపోయాను, వేళ్లు వంకర్లు పోయాయి. ఆ దారిలో ఒక రైల్వే గేటు పడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

2000 నుంచి 2019 దాకా లెక్కవేస్తే మన దేశంలో పాముకాటుతో ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని పరిశోధకులు తేల్చారు. అందులో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మనవీ ఉన్నాయి. వాళ్లలో ఎవరూ పామును కావాలని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు కాదు.

---

పొలంగట్టు · ఆగస్టు 10, ఉదయం 6:05

పీహెచ్‌సీ 6 కిలోమీటర్లు సార్. అవనిగడ్డ ఆసుపత్రి 14. మచిలీపట్నం వెళ్లాలంటే గంట పైనే.

2018 ఆగస్టులో మా సీమలో వరసగా పాముకాట్లు పడ్డాయి. నేనప్పుడు ఏడో తరగతి. నాట్ల రోజులు, రోజూ ఎవరో ఒకరిని ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లు. మోపిదేవి గుడిలో సర్పశాంతి హోమం కూడా చేశారు. అప్పటినుంచి మా ఊళ్లో ఏ పాము కనపడినా, విషం లేని నీరుకట్టె అయినా సరే, చంపకుండా వదలరు. జువాలజీ తీసుకున్నది కూడా అందుకే. ఇంటికి తేకపోతే ఇంకేం చేయాలో ఆ రోజు నాకు నిజంగా తోచలేదు.

---

గోదారిగాలి · ఆగస్టు 10, ఉదయం 8:30

అందరూ కలిసి కుర్రాణ్ణి భయపెడుతున్నారు. నాకొకటి అర్థం కాదు. అమెరికాలో, ఇంగ్లండులో ఇళ్లలో తాచుల్ని పెంచుకుంటే అది హాబీ. మన దగ్గర పొలం దున్నేవాడి కొడుకు ఒక పిల్లను చేరదీస్తే నేరం. మా చిన్నప్పుడు పాములవాళ్లు బుట్టల్లో నాలుగేసి తాచుల్ని పెట్టుకుని ఊరూరా తిరిగేవాళ్లు. ఆ బుట్ట పక్కనే వాళ్ల పసిపిల్లలు పడుకునేవాళ్లు. కోరలు తీయించేస్తే సరిపోతుంది కదా? ఎవరైనా తెలిసినవాళ్లతో తీయించు తమ్ముడూ.

---

హుక్కు_సంచి · ఆగస్టు 10, ఉదయం 9:02

గోదారిగాలి గారూ, ఈ ఒక్క సలహా మాత్రం దయచేసి ఎవరికీ ఇవ్వకండి. తాచు కోర వెనక ఇంకో కోర, దాని వెనక ఇంకోటి వరసగా ఎదుగుతూ ఉంటాయి. పీకినా విరిగినా కొద్ది వారాల్లో కొత్తది ముందుకొస్తుంది. అది ఎప్పుడొచ్చిందో మనకు తెలియదు. కోరలు లేవన్న ధీమాతో చెయ్యి పెట్టి కాటుతిన్నవాళ్లు ఉన్నారు.

పాము వైపు నుంచి కూడా చూడండి. నాగపంచమికీ, నాగులచవితికీ బుట్టల్లో తిప్పే పాముల్ని అటవీ శాఖవాళ్లు స్వాధీనం చేసుకున్నప్పుడు మేం సాయానికి వెళ్తుంటాం. కొన్నిటికి దారంతో నోరు కుట్టేసి ఉంటుంది. చిగుళ్లు కుళ్లి చీము పట్టి, నోరు మూతపడదు. వారాలపాటు నీళ్లు పెట్టకుండా ఎండబెడతారు. అందుకే అది పాలగిన్నె ముందు పెట్టగానే తాగుతుంది, దాహం కొద్దీ. పాలు దానికి అరగవు. నోటి కుట్లు విప్పాక మా చేతుల్లోనే చనిపోయినవాటిని నేను చూశాను. అది చూశాక మీరు ఈ మాట అనరు.

పాములవాళ్లను తక్కువ చేయడం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వాళ్ల బతుకుతెరువు పోయింది. వాళ్లకు వేరే దారి చూపించాల్సింది, చాలాచోట్ల చూపించలేదు. ఆ బాధ నాకూ ఉంది. మా గురువు ఒకాయన ఆ ఇళ్లలో పుట్టినవాడే. పాము ఎటు కదులుతుందో దానికంటే ముందు ఆయనకు తెలిసేది. ఆయన తన పిల్లల్ని మాత్రం పామును ముట్టనివ్వలేదు.

---

క్యారీ_నుంచి · ఆగస్టు 10, ఉదయం 10:48

అమెరికా మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నార్త్ కరోలినాలో క్యారీలో ఉంటాం. పక్కనే రాలీ. 2021 జూన్‌లో రాలీలో ఒకరి వరండాలో పాము కనపడిందని పోలీసులకు ఫోన్ వెళ్లింది. చూస్తే జీబ్రా కోబ్రా, ఆఫ్రికా తాచు. విషాన్ని కళ్లలోకి చిమ్ముతుంది. రెండు రోజులపాటు అదెక్కడుందో తెలియలేదు. ఇక్కడ మన తెలుగు వాట్సాప్ గ్రూపులన్నీ అదే మాట. అసలే ఎండాకాలం సెలవులు, పిల్లల్ని పెరట్లోకి పంపడం మానేశాం. మా అత్తగారు అప్పుడే ఇండియా నుంచి వచ్చారు, తులసి చెట్టుకు నీళ్లు పోయడానికి వెళ్లాలన్నా నేను తోడు వెళ్లేవాణ్ణి. చివరికి జిగురు అట్టకు అంటుకుని దొరికింది.

తర్వాత బయటపడిన సంగతే మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది. ఆ పాము 2020 నవంబరులోనే తప్పించుకుందట. ఏడు నెలలు ఎవరికీ చెప్పలేదు. పెంచినది ఇరవైల్లో ఉన్న కుర్రాడు. అజాగ్రత్త మనిషనీ కాదు, పాముల్ని ప్రాణంగా చూసుకునేవాడు. 2021 మార్చిలో తన దగ్గరున్న గ్రీన్ మాంబా అనే ఆఫ్రికా విషసర్పం అతణ్ణి కాటేసింది. ఆ మందు మామూలు ఆసుపత్రుల్లో ఉండదు. పక్క రాష్ట్రం సౌత్ కరోలినాలోని కొలంబియాలో రివర్‌బ్యాంక్స్ జూ ఉంది, అక్కడి నుంచి తెప్పించి బతికించారు. కేసు అయ్యాక పాము కోసం వెతికిన ఖర్చు కింద 13 వేల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది.

ఇక్కడ చట్టం ఏం చెబుతుందంటే, పెట్టెకు తాళం ఉండాలి, పాము తప్పించుకునే వీలుగానీ బయటివాళ్లకు కాటుపడే వీలుగానీ ఉండకూడదు. లోపల విషసర్పం ఉందని పైన రాయాలి. కాటుపడితే ఏం చేయాలో, మందు ఎక్కడ దొరుకుతుందో రాసిన కాగితం కళ్లెదురుగా ఉండాలి. తప్పించుకుంటే వెంటనే పోలీసులకు చెప్పాలి. ఫ్లోరిడాలో అయితే లైసెన్స్ కోసం కనీసం ఏడాది పాటు, వెయ్యి గంటలు అనుభవజ్ఞుల దగ్గర పనిచేసినట్టు చూపించాలి. ఇంగ్లండులో 1976 నుంచి ప్రమాదకర జంతువుల చట్టం ఉంది. పశువైద్యుడు వచ్చి తనిఖీ చేస్తాడు, బీమా కట్టాలి.

గోదారిగాలి గారూ, ఇక్కడ హాబీ అన్నది నిజమే. కానీ ఆ హాబీ వెనక ఇంత ఉంది, ఇంత ఉన్నా ఆ రెండు రోజులు మేం భయంతో గడిపాం.

---

పుట్టపాలు · ఆగస్టు 10, మధ్యాహ్నం 2:20

నాయనా, నేను పెద్దదాన్ని, మా మనవరాలు టైప్ చేస్తోంది. ప్రతి ఏటా కార్తీకంలో నాగులచవితికి పుట్ట దగ్గరికి వెళ్తాను. చిమ్మిలి, చలిమిడి పెట్టి, పాలు పోసి, నడుం తొక్కితే నావాడనుకో అని పాములాయనకు దండం పెట్టుకుని వస్తాను. మా అత్తగారు ఒక మాట చెప్పేవారు. ఆయన ఇంటికి మనం వెళ్లాలి గానీ, ఆయన్ని మన ఇంటికి పిలవకూడదు అని.

మా తమ్ముడు 1994లో పోయాడు. గడ్డివాము దగ్గర కరిచింది. తాడు బిగించి కట్టారు, బ్లేడుతో కోశారు, పసరు పోశారు. ఊరి చివర ఒకాయన మంత్రం వేశాడు. తెల్లారేసరికి కాలు నల్లబడింది, మనిషి లేడు. వాడికి ఇరవై రెండేళ్లు. నీ వయసు కుర్రాళ్లను చూస్తే వాడే గుర్తొస్తాడు. ఇప్పుడీ డాక్టరు బాబు చెప్పినట్టు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మీ అమ్మకు చెప్పు నాయనా. ఇంట్లో అమ్మకు తెలియకుండా పాము ఉండకూడదు.

---

ఓరుగల్లు_వకీలు · ఆగస్టు 10, సాయంత్రం 5:15

చట్టం సంగతి ఒకసారి. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం తాచు, రక్తపింజరి, రాచనాగు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. చట్టం దృష్టిలో పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది. 51వ సెక్షన్ కింద మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు, జరిమానా కనీసం 25 వేలు. అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. నీ దగ్గర ఉన్నంత మాత్రాన నీది అయిపోదు. పరిశోధనకో, చదువుకో, మందు కోసం విషం తీయడానికో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వగలరు. పెంపకానికి అలాంటి అనుమతి లేదు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. దాచి ఉంచగా పట్టుబడటం వేరు, నువ్వే పిలిచి అప్పగించడం వేరు. పొలంలో చంపబోతుంటే కాపాడానని, ఇప్పుడు అప్పగిస్తున్నానని ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆలస్యం చేసేకొద్దీ ఆ మాట బలం తగ్గుతుంది. ఇంకో సంగతి, దాని ఫోటోలు, వీడియోలు ఎక్కడా పెట్టకు.

---

గోదారిగాలి · ఆగస్టు 10, సాయంత్రం 6:40

హుక్కు సంచి గారు చెప్పింది చదివాక కోరల మాట వెనక్కి తీసుకుంటున్నాను. నోరు కుడతారని నాకు తెలియదు. చిన్నప్పుడు ఆ ఆటలకు డబ్బులు వేసినవాణ్ణే, మనసు పాడైంది.

కానీ చట్టం మీద నా అభిప్రాయం మారలేదు. చంపిన నాన్నను ఎవరూ ఏమీ అనరు, కాపాడిన కొడుక్కి ఏడేళ్లు అంటున్నారు. ఇలా ఉంటే ఊళ్లో ఎవరైనా పామును కాపాడతారా?

---

ఓరుగల్లు_వకీలు · ఆగస్టు 10, సాయంత్రం 7:05

నిజానికి చంపడం కూడా అదే సెక్షన్ కింద నేరమే. ఊళ్లలో ఎవరూ కేసు పెట్టరు, అంతే. మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. కేరళలో అటవీ శాఖ 2020లో సర్ప అనే యాప్ పెట్టి, పాములు పట్టేవాళ్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇస్తోంది. పాము కనపడితే దగ్గర్లో ఉన్న వాలంటీరుకు కబురు వెళ్తుంది. ప్రతి మండలంలో అలాంటి ఏర్పాటు ఉంటే ఈ కుర్రాడికి మంచం కింద దాచాల్సిన పని ఉండేది కాదు.

---

కుండలో_నాగు · ఆగస్టు 10, రాత్రి 8:10

బెంగళూరులో ఉంటాను. నా దగ్గర బాల్ పైథాన్ అనే ఒక చిన్న కొండచిలువ ఉంది, విషం లేనిది. విదేశీ జాతి కాబట్టి కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేసి పెంచుతున్నాను. పాముల మీద ప్రేమ ఏమిటో నాకు తెలుసు తమ్ముడూ. నీ వయసులో నాకూ తాచును పెంచాలని ఉండేది. అది వదిలించింది ఒక ప్రయాణం, ఒక చావు.

ప్రయాణం చెన్నై దగ్గర వడనెమ్మేలికి. ఇరుళ తెగ పాములవాళ్ల సహకార సంఘం అక్కడే ఉంది, 1978లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో మొదలైంది. మొసళ్లను సంరక్షించే మొసళ్ల బ్యాంకు ఆవరణలో ఇసుక పరిచిన గొయ్యి, దాని చుట్టూ మట్టికుండలు. కుండ మూతికి గుడ్డ కట్టి ఉంటుంది. ఒక్కో పామును మూడు వారాలే ఉంచుకుంటారు. నాలుగుసార్లు విషం తీసి, అడవిలో వదిలేస్తారు. తరతరాలుగా పాముతో బతికినవాళ్లు, అనుమతి ఉన్నవాళ్లు, వాళ్లే మూడు వారాలకు మించి ఉంచుకోరు! ఆ విషమే మందు తయారుచేసే కంపెనీలకు వెళ్తుంది. మన తెలంగాణలో కూడా ఆ మందు తయారవుతుంది. వాళ్లలో ఇద్దరు, వడివేల్ గోపాల్, మాసి సడయన్, 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఒక పెద్దాయన కుండ మూత విప్పేటప్పుడు ఆయన వేళ్లనే చూస్తూ నిలబడ్డాను. ఎక్కడా తొందర లేదు, చూపించుకోవాలన్న తాపత్రయం లేదు.

చావు జోసెఫ్ స్లోవిన్స్కీది. కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో పాముల శాస్త్రవేత్త. 2001 సెప్టెంబరులో మయన్మార్ అడవుల్లో సంచిలో చెయ్యి పెట్టారు. లోపల ఉన్నది విషం లేని పామనుకున్నారు, కానీ చిన్న కట్లపాము. గాయం కనపడనంత చిన్నది. ఊపిరి ఆగిపోతే తోటివాళ్లు ఒక రోజుకు పైగా నోటితో ఊపిరి ఊదుతూ కూర్చున్నారు. వానకు హెలికాప్టర్ రాలేకపోయింది. ఆయనకు 38 ఏళ్లు. నీ పెట్టెలో ఉన్నదీ చిన్నదే అనుకుంటున్నావు కదా, అందుకే చెప్పాను.

---

పొలంగట్టు · ఆగస్టు 10, రాత్రి 9:45

అమ్మకు చెప్పాను.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ముందు చెల్లి ఎక్కడుందో చూసింది, తర్వాత వసారా తలుపు మూసి గడియ పెట్టి నా పక్కన కూర్చుంది. కాసేపటికి, "రెండింటిని చంపారు కదరా, తల్లిపాము పగబడుతుందేమో" అంది. దానికేం చెప్పాలో నాకు తెలియలేదు. నాన్న ఇంకా చేనులోనే ఉన్నారు, వంతు నీళ్లు.

---

హుక్కు_సంచి · ఆగస్టు 10, రాత్రి 9:58

మంచి పని చేశావు. తల్లి తాచు గుడ్ల దగ్గర కాపలా ఉంటుంది, పిల్లలు బయటికొచ్చాక దేని దారి దానిదే. ఎవరు చంపారో గుర్తుపెట్టుకునే శక్తి దానికి లేదు. అమ్మగారికి నా మాటగా చెప్పు. పగ గురించి కాదు, ఆ కలుగు గురించి జాగ్రత్త పడాలి. మూడే బయటికొచ్చాయంటే ఇంకా ఉండొచ్చు, తాచు పది గుడ్లకు పైనే పెడుతుంది. గట్టు మీద చేత్తో గడ్డి పీకొద్దని కూలీలకు చెప్పండి.

ఇంకొకటి, చెల్లిని కింద చాప మీద పడుకోనివ్వకండి, ఈ తాచు వెళ్లిపోయినా సరే. రాత్రిపూట ఇళ్లలోకి వచ్చేది కట్లపాము. దాని కాటు చీమ కుట్టినట్టు కూడా తెలియదు. మంచం, దోమతెర, తెర అంచులు పరుపు కిందికి దోపాలి.

రేపు పొద్దున్నే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చెయ్. నంబరు లేకపోతే సర్పంచ్ దగ్గర ఉంటుంది.

---

పొలంగట్టు · ఆగస్టు 12, రాత్రి 8:30

నిన్న పదకొండింటికి అటవీ శాఖ బీట్ ఆఫీసర్ గారు, ఆయనతో పాములు పట్టే ఒకాయన వచ్చారు. అంతకుముందే నాన్నకు తెలిసింది. కొడతారేమో అనుకున్నాను. డ్రమ్ము వైపు చూసి, నా వైపు చూసి, బయటికెళ్లి అరుగు మీద కూర్చున్నారు.

పట్టే ఆయన హుక్కుతో పెట్టె మూత తీశాడు. పిల్ల వెంటనే పడగ విప్పింది. మొదటి రోజుకంటే సన్నబడింది, పొట్ట దగ్గర చర్మం ముడతలు పడింది. నేనెందుకు గమనించలేదో! గొట్టంలోకి ఎక్కించి మూత బిగించాడు, మొత్తం నిమిషం పట్టలేదు. ఎక్కడ వదులుతారని అడిగితే, దూరం తీసుకెళ్తే దానికి చోటు తెలియక చనిపోతుందట. మా చేలకు అవతల, కాలువ కట్ట దాటాక తుమ్మల బీడు ఉంది, మనుషులు తిరగరు. అక్కడ వదిలారు. నేనూ వెళ్లాను. గొట్టం వంచగానే ఒక క్షణం ఆగి, నాలుక ఆడించి, గడ్డి దుబ్బులోకి వెళ్లిపోయింది. బతుకుతుందా అని అడిగాను. పిల్లల్లో చాలావరకు కొంగలకూ ముంగిసలకూ పోతాయి, దీనికి ఒక అవకాశం ఇచ్చావు అన్నారాయన.

ఆఫీసర్ గారు కాగితం మీద నా పేరు, పట్టిన చోటు రాసుకుని సంతకం తీసుకున్నారు. గట్టిగానే మందలించారు. కేసు మాట ఎత్తలేదు.

హుక్కు సంచి అన్నా, హైదరాబాద్‌లో 1995 నుంచి పాముల్ని కాపాడుతున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీలో విద్యార్థుల్ని తీసుకుంటారా? డిగ్రీ అయ్యాక అటు రావాలని ఉంది.

---

హుక్కు_సంచి · ఆగస్టు 12, రాత్రి 9:10

వచ్చాక ఒకసారి కలువు, తీసుకెళ్లి పరిచయం చేస్తాను. మొదటి ఏడాది హుక్కు ముట్టనివ్వరు. జనాన్ని వెనక్కి జరపడం, లైటు పట్టుకోవడం, ఫోన్లు ఎత్తడం. అది ఓపికగా చేసినవాళ్లే నిలబడతారు. ఈలోగా మీ చేల చుట్టూ ఉన్న పాముల్ని దూరం నుంచి చూసి నోటుబుక్కులో రాయి. తేదీ, సమయం, చోటు, ఏ పాము. నీరుకట్టెకీ రక్తపింజరికీ తేడా ఊళ్లో నలుగురికి తెలిసినా కొన్ని పాములు బతుకుతాయి.

---

రాత్రిడ్యూటీ_డాక్టర్ · ఆగస్టు 13, తెల్లవారుజాము 4:50

డ్యూటీ మధ్యలో చదివాను. సంతోషం బాబూ. ఒక పని చెయ్. మీ పీహెచ్‌సీకి పగలు వెళ్లి, పాముకాటు మందు ఎన్ని సీసాలు ఉన్నాయో అడుగు. తక్కువుంటే సర్పంచ్‌తో చెప్పించు. నాట్ల సమయంలో ఇది ఎవరో ఒకరు అడుగుతూ ఉండాలి. నాన్నగారికి గంబూట్లు కొను.

---

పొలంగట్టు · ఆగస్టు 16, రాత్రి 10:20

పీహెచ్‌సీలో 14 సీసాలు ఉన్నాయి సార్. మన వైపు పాముల పట్టిక ఒకటి గోడకు అంటిస్తానంటే నర్సమ్మ ఒప్పుకున్నారు, గీస్తున్నాను. చెల్లికి మంచం వేశాం, దోమతెర కొన్నాం.

నాన్నకు బూట్లు తెచ్చాను. బురదలో కాలు ఆడదంటున్నారు, ఇంకా వేసుకోలేదు. ఇవాళ రాత్రి వంతు నీళ్లకు వెళ్తూ టార్చి మాత్రం అడిగి తీసుకున్నారు.